కుపాలా రాత్రి: స్లావ్ జాతుల మధ్యవేసవి పండుగ – ఆధారాల పరిశీలన

ప్రవేశిక

తూర్పు, మధ్య యూరప్ ప్రాంతాలలో నివసించే స్లావ్ జాతుల జానపద పండుగలలో మధ్యవేసవి రాత్రి జరిపే ఉత్సవానికి విశిష్టస్థానం ఉంది. ఉక్రెయిన్, బెలారూస్, రష్యా దేశాలలో దీనిని ‘ఇవాన్ కుపాలా’ అనీ, పోలండులో ‘సోబూత్కా’ అనీ, బల్గేరియాలో ‘ఎన్యోవ్‌దెన్’ అనీ, సెర్బియాలో ‘ఇవాన్‌దాన్’ అనీ వ్యవహరిస్తారు. నెగడు వేసి దానిపై నుంచి దూకడం, పూలదండలను నీటిలో వదలడం, మందు మొక్కలను సేకరించడం, తెల్లవారుజామున నదీస్నానం చేయడం ఈ పండుగలోని ప్రధానాంశాలు. ప్రాంతాన్ని బట్టి వీటి పాళ్లు మారినా నిప్పు, నీరు, పచ్చని మొక్క అనే మూడూ దాదాపు అన్నిచోట్లా కనిపిస్తాయి.

ఈ పండుగను గురించి ప్రజాదరణ పొందిన వివరణ ఒకటి ఉంది. క్రైస్తవానికి పూర్వం స్లావులు కుపాలా అనే దేవుణ్ణి కొలిచేవారనీ, చర్చి ఆ దేవుడి పండుగను యోహాను పండుగగా మార్చిందనీ ఆ వివరణ సారాంశం. వినడానికి సహేతుకంగా తోచే ఈ మాటకు లిఖితాధారాలు ఎంతవరకు బలం చేకూరుస్తాయన్నది విచారించవలసిన విషయం. పండుగను జరుపుకున్న రైతులు తమ గురించి తాము ఏమీ రాసుకోలేదు. రాసినవారు మఠాధిపతులు, మతసభల సభ్యులు, చరిత్రకారులు. వారిలో ఎక్కువమంది ఆ పండుగను నిందించినవారే. నిందించినవారి రాతల నుంచి ఆచరించినవారి జీవితాన్ని ఏ మేరకు గ్రహించవచ్చు అన్న ప్రశ్న జానపద పండుగల చరిత్రరచన అంతటికీ సంబంధించినది. కుపాలా రాత్రిని ఆధారంగా చేసుకొని ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

పేరు, తేదీ

‘ఇవాన్’ అన్నది యోహాను పేరుకు స్లావ్ రూపం. బాప్తిస్మమిచ్చు యోహాను జన్మదినాన్ని చర్చి జూన్ 24న జరుపుతుంది. యోహాను క్రీస్తుకంటే ఆరునెలలు పెద్దవాడని లూకా సువార్తను బట్టి తెలుస్తుంది కనుక క్రిస్మస్‌కు ఆరునెలల ముందు ఈ పండుగను నిర్ణయించారు. ‘కుపాలా’ అన్న మాటకు స్నానం చేయడం, నీటిలో ముంచడం అనే అర్థాలున్న ‘కుపాతి’ క్రియ మూలమని ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. నీటిలో ముంచి బాప్తిస్మమిచ్చేవాడు అన్న గ్రీకు బిరుదానికి ఇది ప్రజలు చేసుకున్న అనువాదం కావచ్చు. అప్పుడు ‘ఇవాన్ కుపాలా’ అంటే ‘బాప్తిస్మమిచ్చు యోహాను’ అనే అర్థం. అందులో వేరే దేవుడు ఉండవలసిన అవసరం లేదు.

రష్యన్ పండితులు వ్యచెస్లావ్ ఇవానోవ్, వ్లదీమిర్ తొపొరోవ్ మరో మార్గం సూచించారు. ఉడకడం, పొంగడం, గాఢంగా కోరడం అనే అర్థాలున్న ప్రాచీన ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి ఈ మాట వచ్చిందనీ, లాటిన్‌లోని ‘కుపీదో’ దీనికి బంధువనీ వారి వాదం. ఆ లాటిన్ పదాన్ని భాషావేత్తలు సంస్కృతంలోని ‘కుప్’ ధాతువుతో ముడిపెడతారు. తెలుగులో తత్సమంగా వాడుకలో ఉన్న ‘కోపం’ ఆ ధాతువు నుంచి వచ్చినదే. ఈ వ్యుత్పత్తి ఆకర్షణీయమైనదే అయినా, స్నానార్థం స్లావ్ భాషలలోనే స్పష్టంగా సజీవంగా ఉన్నప్పుడు అంత దూరం వెళ్లవలసిన అవసరాన్ని అది నిరూపించలేదు.

తేదీ విషయం మరింత ఆలోచింపజేస్తుంది. కుపాలాను అయనాంతపు పండుగగా, అంటే సంవత్సరంలో పగలు అత్యంత దీర్ఘంగా ఉండే రోజు పండుగగా వర్ణించడం పరిపాటి. కాని జూలియన్ పంచాంగం ప్రతి నాలుగు శతాబ్దాలకు దాదాపు మూడు రోజుల చొప్పున సూర్యగతికి వెనుకబడుతుంది. పదమూడో శతాబ్దంలో ఆ తేడా 7 రోజులు. ఆనాటి జూన్ 24 నేటి గ్రెగోరియన్ లెక్కలో జూలై 1 అవుతుంది. అంటే మధ్యయుగంలోనే ఈ పండుగ అసలు అయనాంతం దాటిన పదిరోజుల తరువాత జరిగేది. నేడు ఆ తేడా 13 రోజులకు చేరింది కనుక పాత పంచాంగాన్ని పాటించేచోట ఇది జూలై 6 రాత్రి నుంచి 7వ తేదీ ఉదయం వరకు జరుగుతుంది. పల్లె ప్రజలు ఆకాశాన్ని గమనించి పండుగను సరిచేసుకోలేదు. చర్చి పంచాంగాన్నే అనుసరించారు. మకర సంక్రాంతిని ఉత్తరాయణ ప్రారంభంగా భావిస్తూనే, సూర్యుడు నిజంగా ఉత్తరదిశకు మళ్లిన మూడు వారాల తరువాత జరుపుకునే తెలుగువారికి ఈ స్థితి కొత్తది కాదు. అక్కడ కారణం విషువచ్చలనం, ఇక్కడ కారణం సంవత్సర ప్రమాణంలోని దోషం. రెండుచోట్లా పండుగను నిలిపింది ఖగోళం కాదు, పంచాంగం మీద సమాజానికి ఉన్న విశ్వాసం.

తొలి ప్రస్తావన, నిందాసాక్ష్యాలు

కుపాలా పేరు కనిపించే ప్రాచీన లిఖితాధారాలలో హైపేషియన్ వృత్తాంతం ముఖ్యమైనది. 1262లో లిథువేనియన్లు పోలండులోని మజోవియా ప్రాంతంపై చేసిన దాడిని వర్ణిస్తూ, అది ఇవాన్ దినానికి ముందురోజు, సరిగ్గా కుపాలా వేళ జరిగిందని అందులో రాశారు. రచయిత పండుగను వర్ణించలేదు, నిందించలేదు. యుద్ధం జరిగిన రోజును గుర్తుచేయడానికి మాత్రమే ఆ మాటను వాడాడు. వివరణ అవసరం లేకుండా పాఠకుడికి అర్థమవుతుందన్న నమ్మకం ఉన్నప్పుడే ఇలాంటి వాడుక సాధ్యం. కాబట్టి పదమూడో శతాబ్దం నాటికే ఆ పేరు సుపరిచితమని చెప్పవచ్చు. అది దేవుడి పేరు అనడానికి మాత్రం ఇందులో ఆధారం లేదు.

పండుగ తీరును తెలిపే వర్ణనలు పదహారో శతాబ్దం నుంచి లభిస్తాయి. ప్స్కోవ్ సమీపంలోని యెలెయజారోవ్ మఠాధిపతి పంఫీల్ 1505లో నగరాధికారులకు ఒక లేఖ రాశాడు. యోహాను పండుగ ముందురాత్రి ఊరంతా వెర్రెత్తినట్లు డప్పులతో, తంత్రీవాద్యాలతో హోరెత్తుతుందనీ, స్త్రీలు నృత్యాలు చేస్తారనీ, మూలికలు ఏరేవారు పొలాలలో, అడవులలో తిరుగుతారనీ ఆయన ఫిర్యాదు. 1551లో మాస్కోలో జరిగిన ‘స్తొగ్లావ్’ మతసభ ఇదే విషయాన్ని చర్చించింది. స్త్రీపురుషులు రాత్రంతా గుమిగూడి ఆటపాటలలో గడుపుతారనీ, తెల్లవారబోతుండగా పెద్దపెట్టున కేకలు వేస్తూ నదికి వెళ్లి స్నానం చేస్తారనీ, ప్రాతఃకాల ప్రార్థన గంట మోగేసరికి ఇళ్లకు చేరి అలసటతో చచ్చినట్లు పడిపోతారనీ ఆ సభ పత్రాలు చెబుతాయి. ఈ నింద ఒక్క యోహాను పండుగకే పరిమితం కాదు. క్రిస్మస్, ప్రభువు బాప్తిస్మపు పండుగల ముందురాత్రులనూ సభ దానితో కలిపే ప్రస్తావించింది. అందువల్ల అందులోని ప్రతి వివరాన్నీ కుపాలాకే ప్రత్యేకమని భావించరాదు.

చర్చి ఆగ్రహానికి విగ్రహారాధన భయం ఒక్కటే కారణం కాదు. పెంతెకొస్తు పండుగ తరువాత ఒక వారం గడిచాక మొదలై జూన్ 29న పేతురు, పౌలుల పండుగతో ముగిసే అపొస్తలుల ఉపవాసకాలంలోనే జూన్ 24 ఎల్లప్పుడూ పడుతుంది. నియమంతో గడపవలసిన రోజుల నడుమ మద్యం, నృత్యం, యువతీయువకుల స్వేచ్ఛాసంచారం కనిపించడం మఠాధిపతులకు అపచారంగా తోచింది. ఊరు ఖాళీ అయి ప్రార్థనకు ఎవరూ రాకపోవడం వారి మరో బాధ. ఇలా చూసినప్పుడు ఈ పత్రాలలోని కోపం అన్యదేవతపై యుద్ధంగా కంటే మతక్రమశిక్షణకు సంబంధించిన సమస్యగా స్పష్టమవుతుంది. నింద వెనుక ఉన్న అసలు కారణాన్ని గుర్తిస్తే, అందులోని అతిశయోక్తిని తీసివేసి వర్ణనను ఉపయోగించుకోవడం సాధ్యమవుతుంది.

దేవుడిగా మారిన పండుగ

కీవ్ రాకుమారుడు వ్లదీమిర్ 980లో ప్రతిష్ఠించిన విగ్రహాలను ‘గతకాల వృత్తాంతం’ పేర్కొంటుంది. పెరూన్, ఖోర్స్, దాజ్‌బోగ్, స్త్రిబోగ్, సిమర్గల్, మొకోష్ అన్నవి ఆ ఆరు పేర్లు. కుపాలా అందులో లేడు. 988లో వ్లదీమిర్ క్రైస్తవాన్ని స్వీకరించిన తరువాత శతాబ్దాల తరబడి కుపాలాను దేవుడని పేర్కొన్న రచన కనిపించదు. ఆ మాట స్పష్టంగా వినిపించేది పదిహేడో శతాబ్దపు ఉక్రెయిన్‌లో రూపొందిన గుస్తీన్ వృత్తాంతంలో. కుపాలో సమృద్ధికి దేవుడనీ, గ్రీకుల సెరీస్‌తో సమానుడనీ, పంటలు చేతికొచ్చే వేళ అతనికి కృతజ్ఞత తెలిపేవారనీ అందులో ఉంది. 1674లో కీవ్‌లో అచ్చయిన ‘సినోప్సిస్’ అనే చరిత్రగ్రంథం ఈ భావనను విస్తృతంగా వ్యాప్తి చేసింది.

సెరీస్ నిజానికి రోమన్ల ధాన్యదేవత, అదీ స్త్రీదేవత. ఆమెను గ్రీకుల దేవతగా పేర్కొనడం, పురుష నామంతో జతచేయడం ఈ వివరణ పల్లెల నుంచి వచ్చినది కాదని సూచిస్తాయి. లాటిన్ విద్య నేర్చిన రచయిత తన ప్రాంతపు ఆచారాన్ని పుస్తకాలలో చదివిన దేవగణంతో పోల్చి అర్థం చేసుకునే ప్రయత్నం ఇది. అయితే అదే వృత్తాంతంలోని ఆచార వర్ణన అమూల్యమైనది. సాయంకాలం సామాన్య స్త్రీపురుషులు గుమిగూడి ఆకులతో, వేళ్లతో దండలు అల్లుకుంటారని, నడుముకు మొక్కలు చుట్టుకుంటారని, మంట వేసి, కొన్నిచోట్ల పచ్చని కొమ్మను నాటి, చేతులు పట్టుకొని పాడుతూ చుట్టూ తిరుగుతారని, తరువాత మంటపై నుంచి దూకుతారని అందులో ఉంది. రెండు శతాబ్దాల తరువాత క్షేత్రపరిశోధకులు నమోదు చేసిన ఆచారాలతో ఇది సరిపోతుంది. ఒకే రచయిత కంటితో చూసినదాన్ని నిజంగానూ, దానికి చెప్పిన కారణాన్ని ఊహగానూ గ్రహించవలసి రావడం ఇక్కడి విశేషం. వర్ణనను, వ్యాఖ్యను వేరుచేయకపోవడం వల్లనే తరువాతి తరాలు రెండింటినీ కలిపి స్వీకరించాయి.

నిప్పు, నీరు, మొక్క

పంతొమ్మిదో శతాబ్దంలో పావ్లో చుబిన్‌స్కీ ఉక్రెయిన్‌లోనూ, ఓస్కార్ కోల్‌బెర్గ్ పోలండులోనూ చేసిన సేకరణలతో పండుగ వివరాలు విస్తారంగా వెలుగులోకి వచ్చాయి. నెగడుకు కావలసిన పాత సామానును, కట్టెలను యువకులు ఇంటింటా సేకరిస్తారు. కొన్నిచోట్ల గడ్డి చుట్టిన బండిచక్రాన్ని గుంజపై నిలిపి వెలిగిస్తారు. ప్రేమికులు చేతులు పట్టుకొని మంటపై నుంచి దూకినప్పుడు పట్టు విడకపోతే వారి బంధం నిలుస్తుందని విశ్వాసం. ఉక్రెయిన్‌లో ‘మరేనా’ అనే గడ్డిబొమ్మను గాని, అలంకరించిన కొమ్మను గాని నిలిపి, పాటల అనంతరం ముక్కలు చేసి నీటిలో పడవేయడమో కాల్చడమో చేస్తారు.

కన్యలు అల్లిన దండలపై కొవ్వొత్తులు వెలిగించి నదిలో వదులుతారు. దండ ఏ దిక్కుకు పోతే ఆ దిక్కు నుంచి వరుడు వస్తాడు. మునిగితే అశుభం. స్లావ్ సమాజంలో తలపై పూలదండ కన్యాత్వానికి గుర్తు. వివాహంలో దానిని తీసి, గృహిణి ధరించే శిరోవస్త్రం కడతారు. ఈ నేపథ్యంలో దండను నీటికి అప్పగించడం వట్టి జోస్యం కాదు. తన చేతిలో లేని భవిష్యత్తును గురించి ఆ అమ్మాయి బహిరంగంగా అడగగలిగిన ప్రశ్న అది.

మొక్కలకు ఆ రాత్రి విశేషశక్తి ఉంటుందన్న నమ్మకం అన్ని స్లావ్ ప్రాంతాలలోనూ ఉంది. పోలండులో స్త్రీలు నడుముకు చుట్టుకునే ‘బిలిత్సా’ తెలుగువారు వినాయకచవితి పత్రిలో వాడే మాచిపత్రి జాతికి చెందినది. బల్గేరియాలో డెబ్భై ఏడున్నర మూలికలను సేకరించాలంటారు. డెబ్భై ఏడు తెలిసిన రోగాలకు, ఆ సగం పేరు తెలియని రోగానికి. వైద్యుడు అందుబాటులో లేని పల్లె, తనకు తెలియని రోగానికి కూడా మందును లెక్కలో ఉంచుకున్న తీరు ఆ ‘అర’లో కనిపిస్తుంది. అక్కడే ఒక చిన్నపిల్లను పెళ్లికూతురిలా అలంకరించి ఊరంతా తిప్పుతారు. మౌనంగా తెచ్చిన నీటిలో రాత్రంతా ఉంచిన ఉంగరాలను, పూలగుత్తులను ఆ పిల్ల చేత తీయించి కన్యల భాగ్యాన్ని చెబుతారు.

ఆ రాత్రికి భయం కూడా ఉంది. మంత్రగత్తెలు ఆవుల పాలు అపహరిస్తారని భావించి పశువులకొట్టం గుమ్మాలపై ముళ్లను, ఒంటికి తగిలితే మంటపుట్టించే ఆకులను ఉంచేవారు. ఫెర్న్ మొక్క అర్ధరాత్రి ఒక్క క్షణం పూస్తుందనీ, ఆ పువ్వు దొరికినవాడికి భూమిలోని నిధులు కనిపిస్తాయనీ నమ్మేవారు. ఫెర్న్ సిద్ధబీజాల ద్వారా వ్యాపించే మొక్క. అది పూయదు. పల్లెవాసులు దాని పువ్వును ఎన్నడూ చూడలేదు కనుకనే ఆ ఒక్క రాత్రికి, ఆ ఒక్క క్షణానికి దాన్ని పరిమితం చేశారు.

సిద్ధాంతాలు, వాటి పరిధి

ఈ ఆచారాలకు మూలాన్ని వివరించే ప్రయత్నాలలో మొదటిది పురాణవాదం. అలెగ్జాండర్ అఫనాస్యేవ్ 1865 – 1869 మధ్య వెలువరించిన బృహద్గ్రంథంలో స్లావుల విశ్వాసాలన్నింటినీ మేఘం, మెరుపు, సూర్యుడు వంటి ప్రకృతిశక్తుల రూపకాలుగా వ్యాఖ్యానించాడు. జేమ్స్ ఫ్రేజర్ ‘గోల్డెన్ బౌ’లో యూరప్ నెగళ్లన్నింటినీ ఒకచోట చేర్చి, సూర్యుడికి బలమిచ్చే మంత్రక్రియ అన్న మన్‌హార్ట్ వాదాన్నీ, దుష్టశక్తులను దహించే శుద్ధి అన్న వెస్టర్‌మార్క్ వాదాన్నీ చర్చించాడు. పశువులకొట్టం గుమ్మానికి ముళ్లు కట్టే ఆచారం రెండో వాదానికి దగ్గరగా ఉంటే, మండే చక్రం మొదటిదానికి అనుకూలంగా తోస్తుంది. ఒకే ఊళ్లో రెండూ ఉన్నప్పుడు ఏ ఒక్క సిద్ధాంతమూ పూర్తిగా సరిపోదు.

కథానిర్మాణంపై 1928 నాటి గ్రంథం ద్వారా తెలుగు జానపద పరిశోధకులకు సుపరిచితుడైన వ్లదీమిర్ ప్రోప్, 1963లో ‘రష్యన్ వ్యవసాయ పండుగలు’ అనే గ్రంథాన్ని ప్రకటించాడు. కథల విషయంలో చేసినట్లే ఇక్కడ కూడా ఆయన పండుగలను విడివిడిగా కాక, వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే అంశాలను బట్టి పరిశీలించాడు. బొమ్మను ఊరేగించి నాశనం చేయడం, పచ్చని కొమ్మ, సామూహిక భోజనం, నవ్వు వంటివి చలికాలం చివర వచ్చే మాస్లెనిత్సా నుంచి కుపాలా వరకు అనేక పండుగలలో పునరావృతమవుతాయని చూపాడు. ఈ దృష్టితో చూస్తే కుపాలాకు ప్రత్యేక దేవుణ్ణి వెదకవలసిన అవసరం తగ్గుతుంది. విత్తులు పూర్తయి, గడ్డికోత, పంటకోత మొదలుకాబోయే వేళ కర్షకుడి ఆశ, ఆందోళన ఆ ఆచారాలకు ఆధారం. అయితే ప్రోప్ వివరణలో శ్రమకు దక్కిన ప్రాధాన్యం యువతుల వివాహచింతకు, ఆ రాత్రి భయాలకు దక్కలేదనిపిస్తుంది. దండలను నీటిలో వదిలే ఆచారాన్ని పంట ఒక్కటే వివరించలేదు.

సాహిత్యం, జాతీయభావం

పండుగను నిందించనివారూ దాని గురించి రాశారు. పోలిష్ కవి యాన్ కొహనోవ్‌స్కీ మధ్యవేసవి రాత్రి నెగడు చుట్టూ పన్నెండుమంది కన్యలు పాడే పాటల రూపంలో రచించిన కావ్యం ఆయన మరణానంతరం 1586లో అచ్చయింది. మఠాధిపతులు అల్లరిగా చూసినదాన్ని ఈ మానవతావాద కవి తల్లుల నుంచి సంక్రమించిన మర్యాదగా చూశాడు. నికొలాయ్ గోగోల్ 1830లో ప్రకటించిన కథలో ఫెర్న్ పువ్వు నిధిని చూపుతుంది గాని, దానికి వెలగా పసిపిల్లవాడి రక్తాన్ని కోరుతుంది. పువ్వుపై ఉన్న ఆశను, దాని వెనుక ఉన్న భయాన్ని విడదీయకుండా చూపినందువల్ల ఆ కథ జానపద విశ్వాసానికి సన్నిహితంగా ఉంటుంది.

బెలారూస్ జాతీయకవి ఇవాన్ లుత్సేవిచ్ 1882లో ఈ పండుగ వేళనే జన్మించి, యాంకా కుపాలా అన్న కలం పేరు స్వీకరించాడు. సొంత రాజ్యం లేని జాతికి పల్లెపండుగ గుర్తింపుగా మారిన తీరుకు ఇది నిదర్శనం. 1966 నాటి ‘ఆంద్రేయ్ రుబ్ల్యోవ్’ చిత్రంలో తర్కోవ్‌స్కీ ఒక సన్యాసి కళ్లతో ఈ రాత్రిని చూపించాడు. నిందించవలసిన దృశ్యం ముందు నిందించలేక నిలిచిపోయిన ఆ సన్యాసి స్థితి, పంఫీల్ లేఖలో చోటు దొరకని అనుభవం.

2023 సెప్టెంబరు 1 నుంచి ఉక్రెయిన్ ఆర్థడాక్స్ చర్చి స్థిరపండుగలకు కొత్త పంచాంగాన్ని స్వీకరించింది. దానితో అక్కడ యోహాను జన్మదినం నేటి లెక్కలో జూలై 7 నుంచి జూన్ 24కు మారింది. రష్యన్ చర్చి పాత తేదీనే పాటిస్తున్నది. యుద్ధకాలంలో తీసుకున్న ఈ నిర్ణయంతో ఒకే పేరున్న పండుగ రెండు తేదీలకు చీలింది. నెగడు వేసే రాత్రి ఏది అన్నది ఇప్పుడు ఏ పక్షాన నిలిచారన్న ప్రశ్నగా కూడా మారింది.

ముగింపు

పై పరిశీలన వల్ల కుపాలా రాత్రిలో మూడు పొరలు ఉన్నట్లు స్పష్టమవుతుంది. పేరు, తేదీ క్రైస్తవ పంచాంగం ఇచ్చినవి. నిప్పు, నీరు, మొక్కల ఆచారాలు కర్షక సమాజానివి. వాటి ప్రాచీనతను కాదనలేము గాని, వాటి ఆరంభాన్ని ఏ ఒక్క కాలానికో నిర్ణయించలేము. కుపాలా అనే దేవుడు పదిహేడో శతాబ్దపు విద్యావంతుల సృష్టి. మూడో పొరను తీసివేయడం వల్ల పండుగ విలువ తగ్గదు. దేవుడి పేరుతో సమర్థించనవసరం లేకుండానే, తరతరాలుగా మందలింపులను, నిషేధాలను తట్టుకొని నిలిచిన ఆచారంగా దాని బలం మరింత తెలుస్తుంది.

పరిశోధనా పద్ధతికి సంబంధించి కూడా ఒక విషయం గ్రహించవచ్చు. జానపద పండుగలను గురించి వ్యతిరేకులు రాసిన పత్రాలను పక్షపాతం కారణంగా తోసిపుచ్చడం గాని, వారి వ్యాఖ్యలను యథాతథంగా నమ్మడం గాని సరికాదు. రచయిత ఏమి చూశాడు, దానిని ఎలా అర్థం చేసుకున్నాడు, ఎందుకు కోపగించాడు అన్న మూడు ప్రశ్నలను వేరువేరుగా అడగాలి. తెల్లవారుజామున నది నుంచి వచ్చి, అలసటతో నిద్రలోకి జారుకున్న పేరులేని పల్లెప్రజలను చరిత్రలో నిలిపింది వారిని మందలించడానికి కూర్చున్న సభే. వారిని గుర్తించడానికి నేటికీ ఉన్న ప్రధాన మార్గాలలో ఆ మందలింపు ఒకటి.